సూపర్ మ్యాన్ వాళ్ళమ్మ ఏం చేస్తుంటుంది?

పిల్లలున్న ఇంట్లో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు భుజాలకి తువ్వాలు కట్టుకుని మంచం మీద నుంచి దూకకుండా ఉండరు. ఆడపిల్లలూ దూకుతారు. కాకపోతే వాళ్ళని మనం కాస్త ముందుగా ఆపేస్తాం. ఆ తువ్వాలు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పెద్దగా పట్టించుకోం. "బొమ్మల పుస్తకాలే కదా, ఫోను కన్నా నయం" అని ఊరుకునే తల్లులు కొందరు. "ఆ చెత్త చదివితే లెక్కల్లో మార్కులు పోతాయి" అని లాక్కుని అటక మీద పడేసే తల్లులు మరికొందరు. ఇద్దరూ చేయని పని ఒక్కటే. ఆ పుస్తకం తెరిచి చూడటం.

నాకు తెరిచి చూడాలనిపించింది. న్యూజెర్సీలో చదువుకుంటున్న మా ఆడపడుచు కొడుకు సెలవులకి వచ్చి వెళ్తూ మా పిల్లలకి ఓ కట్ట వదిలి వెళ్ళాడు. మన దగ్గర శుక్రవారం కొత్త సినిమా వచ్చినట్టు, అమెరికాలో బుధవారం బుధవారం కొత్త కామిక్స్ దుకాణాల్లోకి వస్తాయిట. పలుచని పుస్తకం, వెల నాలుగైదు డాలర్లు. అంటే మన డబ్బుల్లో మూడొందల పైమాటే. ఆ కట్టలో కొన్ని 2024లో కొత్తగా మొదలైనవి, కొన్ని అంతకు ముందువి. ఏడోది మాత్రం మన దేశపు కథ, ఇంటర్నెట్‌లో దొరికింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకొకటి చొప్పున వారం రోజులు కూర్చుని చదివాను.

విమర్శకులకి వాళ్ళ కొలతలు ఉంటాయి. బొమ్మ ఎలా ఉంది, రంగులెలా కుదిరాయి, పోరాటం ఎలా సాగింది అని చూస్తారు. నాది ఇల్లాలి కొలత. మూడే ప్రశ్నలు. ఈ వీరుడి ఇంట్లో ఆడమనిషి బతికి ఉందా? ఉంటే ఆమెకంటూ ఒక పని ఉందా? ఆమె నోరు తెరిచి చెప్పిన మాటకి కథలో విలువ ఉందా?

ఫ్రిజ్‌లో పెట్టిన ఆడవాళ్ళు

"ఇదేం కొలతమ్మా?" అనకండి. దీని వెనక చరిత్ర ఉంది. బ్యాట్ మ్యాన్ 1939లో పుట్టాడు. చిన్నప్పుడు కళ్ళ ముందే అమ్మానాన్నల్ని దొంగ కాల్చి చంపడం వల్ల వీరుడయ్యాడు. 1973లో స్పైడర్ మ్యాన్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని శత్రువు వంతెన మీద నుంచి తోసేశాడు, ఆ పిల్ల చచ్చిపోయింది. 1994లో గ్రీన్ లాంటర్న్ అనే వీరుడు ఇంటికొచ్చేసరికి అతని స్నేహితురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కి ఉంచారు. ఆ ఫ్రిజ్ తలుపు తీసే బొమ్మ గురించి విన్న ఏ ఆడదానికీ ఆ పూట పాలు తీయడానికి కూడా మనసొప్పదు.

ఇదంతా చూసి 1999లో గెయిల్ సిమోన్ అనే ఆవిడ కడుపు మండి ఒక జాబితా తయారు చేసింది. కామిక్స్‌లో చచ్చిపోయిన, గాయపడిన, శక్తులు పోగొట్టుకున్న ఆడవాళ్ళ జాబితా. దానికి "ఫ్రిజ్‌లలో ఆడవాళ్ళు" అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆవిడ అప్పట్లో చేసే పని ఏమిటో తెలుసా? ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించి అలంకరించడం. తర్వాత ఆవిడే కామిక్స్ రచయిత్రి అయి, వండర్ ఉమన్ కథలు కూడా రాసింది.

ఆవిడ అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. మగవాడికి కోపం రావడానికి ప్రతిసారీ ఒక ఆడది చావాలా? మనకి ఈ ప్రశ్న కొత్తేం కాదు. మన సినిమాల్లో హీరోకి చెల్లెలు ఎందుకుండేదో గుర్తు తెచ్చుకోండి. రాఖీ కట్టడానికి ఒక సీను, పాట ఒకటి, ఆ తర్వాత ఆమెకి ఏదో ఘోరం. ఆ పైన అన్నయ్య పగ. చెల్లెలికి ఏం చదువుకోవాలని ఉండేదో మూడు గంటల సినిమాలో ఎవరూ అడగరు.

సరే, ఇక ఆ వారం సంగతి.

సోమవారం: అల్టిమేట్ స్పైడర్ మ్యాన్

2024 జనవరిలో మొదలైంది. రాసింది జోనథన్ హిక్‌మన్, బొమ్మలు మార్కో కెకెట్టో. స్పైడర్ మ్యాన్ అంటే పదిహేనేళ్ళ పిల్లాడని కదా మనకి తెలుసు. ఇందులో పీటర్ పార్కర్ ముప్ఫై దాటిన గడ్డం మనిషి. భార్య మేరీ జేన్, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. అన్నీ ఉన్నా ఏదో వెలితి. ఆ వయసులో వెలితి రావడం సహజమే. మన ఇళ్ళలో మగవాళ్ళు ఆ వెలితికి కొత్త బండి కొంటారు, ఇతను సాలీడు చేత కుట్టించుకుంటాడు.

1962 నాటి పాత కథలో పీటర్‌ని పెంచిన పెదనాన్న బెన్ చనిపోతాడు, పెద్దమ్మ మే మిగులుతుంది. ఇందులో తిరగేశారు. పెదనాన్న ఉన్నాడు, పెద్దమ్మ పోయింది. కూతురికి ఆవిడ పేరే పెట్టుకున్నాడు, అచ్చం మనలాగే. కథ చక్కగా ఉంది, భార్యాభర్తలు మాట్లాడుకునే పద్ధతి ఇంకా బావుంది. మేరీ జేన్‌కి తన పని తనకుంది, తన మాట తనకుంది. అయినా నాకో సందేహం తీరలేదు. ఆయన రాత్రి గోడలెక్కడానికి వెళ్తే పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు ఎవరు కడతారు? వీరుడి భార్యకి రెండు ఉద్యోగాలు. ఒకటి తనది, రెండోది అతను వదిలేసి వెళ్ళినది. రచయితకి ఈ సంగతి తెలుసనిపిస్తుంది, కానీ దాని మీద ఎక్కువసేపు నిలబడడు.

నా మాట: పిల్లలకన్నా ముందు పిల్లల తండ్రి చదవాలి.

మంగళవారం: అబ్సొల్యూట్ బ్యాట్ మ్యాన్

2024 అక్టోబరులో మొదలైంది. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రగోటా బొమ్మలు. 2024లో అమెరికాలో బాగా అమ్ముడుపోయిన పుస్తకాల్లో ఇదొకటి. పాత బ్యాట్ మ్యాన్ కోటీశ్వరుడు. కొత్త బ్యాట్ మ్యాన్ బడిపంతులు కొడుకు, సివిల్ ఇంజినీరు. పిల్లల్ని జంతు ప్రదర్శనశాలకి తీసుకెళ్ళిన రోజు కాల్పుల్లో తండ్రి చనిపోతాడు. తల్లి మార్తా మాత్రం బతికి ఉంది! నగర పాలనలో ఉద్యోగం చేస్తోంది. ఎనభై అయిదేళ్ళుగా ఆ తల్లి చేసిన పని చచ్చిపోవడం ఒక్కటే. బొమ్మల్లో మెడలో ముత్యాల దండ తెగి పూసలు రాలడం ఒక్కటే. ఇప్పటికి ఆవిడకి ఒక బల్లా, ఒక కుర్చీ, ఒక అభిప్రాయం దొరికాయి. అంతవరకూ సంతోషం.

కానీ రక్తం చూడలేకపోయాను. ఇతను కొండంత మనిషి. గుండె మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే అదే గొడ్డలి. పేద ఇంటి కొడుకు కోపం నాకు అర్థమవుతుంది. ప్రతి పేజీలో ఎముకలు విరగడం ఎందుకో అర్థం కాదు. తల్లిని బతికించిన రచయిత ఆమె చేత కొడుకుకి ఒక్క పూట కూర్చోబెట్టి అన్నం పెట్టించినా, ఆ గొడ్డలి బరువు పాఠకుడికి బాగా తెలిసేది.

నా మాట: ఇంటర్ దాటిన పిల్లలకి సరే. చిన్నవాళ్ళకి ఇప్పుడే వద్దు.

బుధవారం: అబ్సొల్యూట్ వండర్ ఉమన్

దీని గురించి చెప్పేముందు ఒక పాత ముచ్చట. వండర్ ఉమన్‌ని 1941లో విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సృష్టించాడు. ఆడపిల్లలకీ ఒక వీరురాలు ఉండాలని ఆయన ఉద్దేశం. బొమ్మలు వేసింది హెచ్. జి. పీటర్. ఆ మరుసటి ఏడాది, 1942లో, ఆమెని వీరుల సంఘంలో చేర్చుకున్నారు. ఏ పదవిలోనో ఊహించండి. సెక్రటరీగా! మగవీరులు యుద్ధానికి వెళ్తే ఈవిడ కార్యాలయం చూసుకుంటూ కాగితాలు రాయాలి. ఎంత బలమున్నా ఆడది అనేసరికి చేతిలో పెన్నూ పుస్తకం పెట్టి "మినిట్స్ నువ్వు రాయమ్మా" అనడం అపార్ట్‌మెంటు కమిటీలో ఉన్న ఏ ఆవిడకైనా తెలిసిన సంగతే.

2024 అక్టోబరులో వచ్చిన ఈ కొత్త కథ రాసింది కెల్లీ థాంప్సన్. ఆవిడ రచయిత్రి. బొమ్మలు హేడెన్ షెర్మన్. పాత డయానా స్త్రీల దీవిలో రాకుమారిగా పెరిగింది. ఈ డయానాని పసిగుడ్డుగా ఉన్నప్పుడే దేవతలు తెచ్చి నరకంలో శిక్ష అనుభవిస్తున్న సర్సీ అనే మంత్రగత్తె చేతిలో పెట్టారు. ఆ పిల్ల జాతి పేరు ఎత్తడానికి కూడా వీల్లేదు. సర్సీకి పిల్ల వద్దు. తర్వాత ఆ పసిదాన్ని వదల్లేకపోయింది. నరకంలో కూర్చుని దానికి మాటలు నేర్పింది, మంత్రాలు నేర్పింది, మంచితనం నేర్పింది.

యశోదని, కర్ణుణ్ణి పెంచిన రాధని తెలిసిన మనకి ఈ కథ పరాయిది కాదు. కన్నది ఎవరైనా పెంచిన చెయ్యి ఏం చేస్తుందో ఇందులో ఉంది. నరకంలో పెరిగినా పిల్ల దయగా ఎందుకుందంటే పక్కన ఒక తల్లి ఉంది కనుక. ఆ తల్లి చావక్కర్లేదు, కూతురికి కోపం తెప్పించక్కర్లేదు. పెంచితే చాలు. అదే కథ అయింది. 2025లో ఉత్తమ కొత్త సీరీస్‌గా దీనికి ఐస్నర్ అవార్డు వచ్చింది. కామిక్స్ రంగంలో అది పెద్ద గౌరవం.

నా మాట: కట్టలో ఇదే మొదటిది. రాక్షసుల బొమ్మలు భయంకరంగా ఉన్నాయి, అందుకని కాస్త పెద్ద పిల్లలకి. కొని దాచుకోవచ్చు.

గురువారం: అబ్సొల్యూట్ సూపర్ మ్యాన్

1938లో వచ్చిన మొదటి వీరుడు సూపర్ మ్యాన్. పైన పెట్టిన ప్రశ్నకి జవాబు ఇక్కడ చెప్తాను. పాత కథల్లో సూపర్ మ్యాన్ వాళ్ళమ్మ మార్తా కెంట్ ఒక రైతు భార్య. ఆకాశం నుంచి పడ్డ బిడ్డని పెంచింది. ఆ బిడ్డతో పాటు వచ్చిన దుప్పట్ల దారాలు విప్పి ఆ నీలం ఎరుపు దుస్తులు తయారు చేసింది. ప్రపంచంలో ప్రతి పిల్లాడికీ తెలిసిన ఆ డ్రెస్సు ఒక అమ్మ కుట్టింది. కుట్టినావిడ పేరు మాత్రం ఎంతమంది పిల్లలకి తెలుసు?

కొత్త కథ 2024 నవంబరులో మొదలైంది. జేసన్ ఆరన్ రచన, రఫా సాండొవాల్ బొమ్మలు. ఇందులో అతను పసివాడుగా కాదు, తన లోకాన్నీ తల్లిదండ్రుల్నీ గుర్తు పెట్టుకునేంత పెద్దయ్యాక భూమ్మీదకి వస్తాడు. అమ్మానాన్నలు కష్టం చేసుకుని బతికిన కూలి వర్గం వాళ్ళు. ఇక్కడికొచ్చాక బ్రెజిల్ గనుల్లో కూలీల పక్షాన నిలబడతాడు. ఇది నాకు చాలా నచ్చింది. వజ్రం వేలికి పెట్టుకునేవాళ్ళకి దాన్ని తవ్విన చెయ్యి కనిపించదు, ఈ పుస్తకంలో కనిపిస్తుంది.

నచ్చనిది లోయిస్ లేన్ సంగతి. 1938 నుంచీ ఆవిడ విలేఖరి. మగవాళ్ళతో సమానంగా పరుగెత్తి వార్త తెచ్చే ఆడమనిషి. ఆ రోజుల్లో ఎందరు ఆడపిల్లలు ఆవిడని చూసి పత్రికలో పని చేయాలనుకున్నారో! ఈ కథలో ఆవిడని గనుల కంపెనీ తరఫున పని చేసే ఏజెంటుగా మార్చారు. చేతిలో కలం పోయింది, తుపాకీ వచ్చింది. ఆడదానికి తుపాకీ ఇస్తే బలం ఇచ్చినట్టని రచయితలు అనుకుంటారు. ప్రశ్న అడిగే నోరు ఏ తుపాకీకీ తీసిపోదు.

నా మాట: అరువు తెచ్చుకుని చదవండి. చదివాక పిల్లల్ని అడగండి, వజ్రం ఎక్కడి నుంచి వస్తుందని.

శుక్రవారం: మిస్ మార్వెల్

ఇది 2014 నాటిది. జి. విల్లో విల్సన్ రాసింది, ఏడ్రియన్ ఆల్ఫోనా బొమ్మలు వేశాడు. దీని వెనక ఉన్న సంపాదకురాలు సనా అమానత్ న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ కుటుంబపు పిల్ల. కథలో అమ్మాయి కమలా ఖాన్ కూడా జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ ముస్లిం ఇంటి పిల్ల. పదహారేళ్ళు. పార్టీకి పంపరు, ఇంట్లో వంద నిబంధనలు, బళ్ళో తిండి గురించి వెక్కిరింపులు. న్యూజెర్సీలో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగు అక్కచెల్లెళ్ళని అడగండి, మతం పేరు మారుస్తే ఇది వాళ్ళింటి కథే అంటారు.

శక్తి రాగానే ఆ పిల్ల చేసిన మొదటి పని తెల్లగా, బంగారు జుట్టుతో, పొట్టి దుస్తుల్లో మారిపోవడం. మారాక తెలిసింది, జుట్టు కళ్ళలో పడుతోంది, బట్టలు ఇబ్బందిగా ఉన్నాయి. ఫెయిర్‌నెస్ క్రీములు కొని కొని అలిసిన మన దేశంలో ఈ రెండు పేజీలు ప్రతి ఆడపిల్ల చదవాలి. చివరికి నిండుగా ఉండే ఈతదుస్తుల్ని మార్చుకుని తన వేషం తనే తయారు చేసుకుంటుంది, తన రంగుతో తను బయటికొస్తుంది.

అన్నిటికన్నా నచ్చింది 2015లో వచ్చిన భాగంలో తల్లి మునీబా సంగతి. కూతురు భయపడుతూ భయపడుతూ తన రహస్యం చెప్పబోతే, తనకి ముందే తెలుసంటుంది. అంతే కదండీ మరి! పిల్ల ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చిందో, ఏ బట్టలు చిరిగాయో ఉతికే మనిషికి తెలియకుండా ఉంటుందా? ఎనభై ఏళ్ళుగా వీరులందరూ ఇంట్లో ఆడవాళ్ళకి ఏమీ తెలియదనుకుని రహస్యాలు దాస్తున్నారు. ఈ ఒక్క రచయిత్రి మాత్రం నిజం రాసింది. 2015లో దీనికి హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

నా మాట: తల్లీ కూతురూ కలిసి చదవండి. పదేళ్ళు దాటిన వాళ్ళకి నిశ్చింతగా ఇవ్వొచ్చు.

శనివారం: సూపర్ గర్ల్ - ఉమన్ ఆఫ్ టుమారో

2021, 2022లలో ఎనిమిది భాగాలుగా వచ్చింది. టామ్ కింగ్ రచన, బిల్‌కిస్ ఎవ్లీ బొమ్మలు. బొమ్మలేసినావిడ బ్రెజిల్ దేశస్థురాలు. ఒక్కో పేజీ నేత చీర అంచులా ఉంటుంది.

సూపర్ గర్ల్ 1959లో పుట్టింది. సూపర్ మ్యాన్‌కి చిన్నాన్న కూతురు, మన లెక్కలో చెల్లెలే. అమ్మానాన్నల్ని పోగొట్టుకుని అన్న దగ్గరికి వస్తే ఆ అన్నగారు ఏం చేశాడు? తన రహస్యం బయటపడుతుందని అనాథాశ్రమంలో చేర్పించాడు! కొండలు ఎత్తగలడు, చెల్లెలికి ఒక గది ఇవ్వలేకపోయాడు. ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కొత్త కథలో రూతీ అనే చిన్న పిల్ల తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోవాలని బయల్దేరుతుంది. సూపర్ గర్ల్ ఆ పిల్లకి తోడు వెళ్తుంది. పెద్దదాని బాధ చిన్నది చూస్తుంది, చిన్నదాని కోపాన్ని పెద్దది మోస్తుంది. ఇందులో కూడా ఒక చావుతోనే కథ మొదలైంది. కానీ పగబట్టేదీ, ప్రయాణం చేసేదీ, ఏళ్ళ తర్వాత పెద్దదై ఆ కథ మనకి చెప్పేదీ ఆడపిల్లే. తేడా అక్కడుంది.

నా మాట: హైస్కూలు పిల్లలకి మంచిది. మొదట్లో తాగుడు సీను ఒకటుంది, దాని గురించి ముందే మాట్లాడండి.

ఆదివారం: ప్రియాస్ శక్తి

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత రామ్ దేవినేని అనే చిత్రనిర్మాత మరికొందరితో కలిసి చేసిన పుస్తకం ఇది. 2014లో వచ్చింది. అత్యాచారానికి గురైన ప్రియ అనే పల్లెటూరి అమ్మాయిని ఇంట్లోవాళ్ళే తప్పుపట్టి బయటికి పంపేస్తారు. అడవిలో ఒక పులి ఆమెని వెంటాడుతుంది. పార్వతీదేవి ఇచ్చిన ధైర్యంతో ఆమె ఆ పులికి ఎదురు నిలబడి, దాన్నే వాహనం చేసుకుని ఊళ్ళోకి తిరిగొస్తుంది.

కథ అక్కడక్కడ ఉపన్యాసంలా సాగుతుంది, ఆ మాట చెప్పక తప్పదు. అయినా మిగతా ఆరింటిలో లేనిది ఇందులో ఒకటుంది. ఇక్కడ ఘోరం జరిగిన ఆడదే వీరురాలు. ఆమెకి జరిగినదాన్ని చూసి కోపం తెచ్చుకోవడానికి మధ్యలో ఏ అన్నయ్యా రాలేదు. ఆమె శక్తి గోడలెక్కడం కాదు, నోరు విప్పడం. ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

నా మాట: కాస్త పెద్ద పిల్లలతో, ఆడ మగ తేడా లేకుండా, పక్కన కూర్చుని చదవండి. మగపిల్లలతో తప్పకుండా.

మరి మనం చేయాల్సింది?

1954లో అమెరికాలో ఇలాగే తల్లిదండ్రులు, డాక్టర్లు కామిక్స్ మీద గగ్గోలు పెడితే ప్రచురణకర్తలే ఒక నియమావళి పెట్టుకుని అట్టల మీద ముద్ర వేయడం మొదలెట్టారు. 2011కల్లా ఆ ముద్ర పూర్తిగా పోయింది. ఇప్పుడు కంపెనీలు ఎవరి లెక్క ప్రకారం వాళ్ళు వయసు గుర్తులు వేస్తున్నారు. కొనేటప్పుడు అట్ట మీద ఆ గుర్తు చూడండి. కానీ ఆ గుర్తు రక్తం ఎంతుందో చెప్తుంది, బూతులెన్నో చెప్తుంది. ఆడమనిషికి విలువ ఎంతుందో ఏ గుర్తూ చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

నిషేధిస్తే పిల్లలు దాచుకుని చదువుతారు. వదిలేస్తే ఒంటరిగా చదువుతారు. రెండింటిలోనూ వాళ్ళ తలలోకి వెళ్ళేది ఒకటే పాఠం: మగవాడి బాధ కథ, ఆడదాని చావు ఆ కథకి కారణం. అందుకే పుస్తకం లాక్కోకండి, ఆ మూడు ప్రశ్నలు అందించండి. మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఇప్పుడు సినిమా చూస్తూ కూడా "అమ్మా, ఈ చెల్లెలు ఇంటర్వెల్ దాకా బతకదు" అంటున్నాడు. వాడు నవ్వుతూ అన్నా నాకు మాత్రం అది చిన్న విజయంలా లేదు.

ఇక మనకోసం ఒక మాట. ఉద్యోగం, వంట, పిల్లలు, అత్తమామల మందులు అన్నీ చేసుకొస్తుంటే "నువ్వు సూపర్ ఉమన్‌వి" అని మెచ్చుకుంటారు చూడండి, ఆ మెప్పు తీసుకునేముందు ఒక్కసారి ఆలోచించండి. సూపర్ మ్యాన్‌కైనా క్రిప్టొనైట్ అనే ఆకుపచ్చ రాయి ముందు నీరసం వస్తుందని కథల్లో ఒప్పుకున్నారు. మనకి ఆ సౌకర్యం కూడా ఇవ్వరు. జ్వరం వచ్చినా గిన్నెలు మన కోసమే కూర్చుని ఉంటాయి. అందుకని ఈసారి ఎవరైనా ఆ బిరుదు ఇస్తే "థాంక్స్" అని ఊరుకోకండి. "సరే, మరి ఆ గిన్నెలు నువ్వు కడుగు" అనండి. వీరులకి అసలు పరీక్ష అక్కడే.